చెప్పులు విడవకూడని ఇల్లు

జనగామ, మానుకోట, భూపాలపల్లి. ఈ మూడింటినీ ఒకే ప్రయాణంలో చూసి రావాలని ఒళ్లూ బుద్ధీ సరిగా ఉన్నవాడెవడూ అనుకోడు. కాశీకి పోయినవాడు చెంబులో గంగ తెస్తాడు, తిరుపతికి పోయినవాడు గుండుతో వస్తాడు. నేను ఎర్రమట్టి పట్టిన పంట్లాంతో వచ్చాను. చాకలి రెండుసార్లు ఉతికి, మూడోసారి ఇది రంగు అనుకుని వదిలేశాడు.

అయినా ఈ సంగతి రాయడానికి కూర్చున్నానంటే, ఆ దారి చివర ఒక ఇంట్లో నేను మేక పేగుల బోటి కూర తిన్నాను, కల్లు తాగాను. ఆ ఇంటిని మీలో చాలామంది చూసి ఉండరు. చూసినవాళ్లు గోడ మాత్రమే చూసి ఉంటారు.

ముందు నన్ను తీసుకుపోయిన మనిషి గురించి చెప్పాలి. హనుమకొండలో నేను అద్దెకుండే ఇంటి యజమాని రంగారావు గారు. ముందు వాటా ఆయనది, వెనక వాటా నాది. నేను ఒక ప్రైవేటు కాలేజీలో చరిత్ర చెబుతాను. అరవై తొమ్మిది ఉద్యమంలో నా సొంత చరిత్రలో ఒక విద్యా సంవత్సరం పోయింది. దాన్ని తిరిగి ఇస్తామని ఇంతవరకు ఏ ప్రభుత్వమూ అనలేదు, నేనూ అడగలేదు. రంగారావు గారు కోర్టు కచ్చేరీలో పనిచేసి రిటైరయ్యారు. భార్య లేదు, పిల్లలు లేరు, గుండెలో ఏదో ఇబ్బంది ఉంది. ఘనపురం అవతల ఒక ఊరికి ఆయన అన్న దొర. అన్న ఊరిని ఏలుతుంటే తమ్ముడు పట్నంలో చదువుకుని, పండుగలకు మాత్రం ఇంటికి పోయి వచ్చేవాడు. తర్వాత ఊళ్లోకి రైతుకూలీ సంఘం వచ్చింది, పెద్ద దొర తన గడికి, కోటలాంటి ఆ ఇంటికి తాళం వేసి బయటికి వచ్చాడు, కొన్నేళ్లకు పోయాడు. తాళం కూడా ఎక్కువ రోజులు ఉండలేదు.

ఒక పొద్దున రంగారావు గారు పేపరు చదువుతుంటే, కట్టెలు వేయడానికి వచ్చిన బండివాడు ఆ ఊరివాడని తెలిసింది. ఈయన ఎవరో తెలియక అతను ఊరి ముచ్చట్లన్నీ చెప్పాడు. చివర్లో అన్నాడు:

"గడిల ఇప్పుడు కల్లు కాంపౌండు పెట్టిండ్రు సార్. పగటీలి జాగ దొరకది. బోటి కూర మాత్రం మస్తుంటది."

నేను ఆయన మొహం చూశాను. పూర్వీకుల ఇల్లు సారా కొట్టయిందనో, కల్లు దుకాణం అయిందనో తెలిస్తే మనిషికి కోపం రావాలని పుస్తకాల్లో ఉంటుంది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"అందరు ఏడ కూసుంటరు?"

"నేల మీదనే. గచ్చు మీద. సుట్టు కూసోని, తాగి, ఒకటే నవ్వుడు."

వారం పది రోజులు గడిచాయి. తర్వాత ఒక సాయంత్రం వెనక వాటా తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"పంతులూ, ఆ ఇంట్ల నేను పుట్టిన. నేను కూసుంటే నా ఎదురుంగ ఊరోడు ఒక్కడు కూసోంగ సూడలే. ఆడ నవ్వు ఇనలే. ఒక్కపారి పోయి, అందరి నడుమల కూసోని, ఇంత తిని రావాలె. నేనెవలో ఎవలకు తెల్వద్దు."

"డాక్టరు దూరం పోవద్దన్నాడు కదా?"

"మెట్లెక్కద్దన్నడు. నేల మీద కూసోవద్దనలే."

అద్దెకుండేవాడి యాత్రలు కూడా ఇంటి ఓనరే నిర్ణయిస్తాడు. నేను కాలేజీలో సెలవు పెట్టాను. పిల్లలు ఆ వార్తను నిబ్బరంగా తట్టుకున్నారు.

జనగామ

హనుమకొండ నుంచి ఆ ఊరు తూర్పున ఉంది. మేము పడమర దిక్కు పోయే రైలెక్కాము. పొద్దున బస్సెక్కితే పగటికల్లా చేరే ఊరికి మేము మూడు రోజులు తీసుకున్నామంటే, అది నా భూగోళ జ్ఞానం లోపం కాదు. ముందు జనగామలో వదినను అడగాలన్నారు, ఆ తర్వాత మానుకోటలో, ఒకప్పుడు గడిలో జీతగాడైన ఎల్లయ్యను చూడాలన్నారు. చేరాలని ఎంత ఉందో చేరకూడదని కూడా అంతే ఉన్న మనిషి దారి అలాగే ఉంటుంది.

జనగామ స్టేషను బయట చాయ్ తాగాము. ఆఠాణా. హనుమకొండలో కూడా అంతే, కాని ఇక్కడ గ్లాసు నిండా పోస్తారు. పాలు ఎక్కువై కాదు, నీళ్లు ఎక్కువై. బజారులో ఎండ అప్పుడే ముదిరింది. చెరువు అడుగున పగుళ్లు, పగుళ్ల మీద మేకలు. ఒకప్పుడు ఈ తాలూకా పేరు చెబితే నిజాం పోలీసులు బందూకులు తుడుచుకునేవారట. ఇప్పుడు చెబితే కరువు పనుల గుత్తేదార్లు బండ్లు కడుతున్నారు.

వదినగారు, అంటే పెద్ద దొర భార్య, స్టేషనుకు దగ్గరలో రెండు గదుల ఇంట్లో ఉంటున్నారు. పుట్టింటివాళ్లది. తలుపు తీయడానికి ఆమే వచ్చారు. అలా స్వయంగా వచ్చి తలుపు తీయడం ఆమెకు ఇంకా అలవాటు కాలేదని గడియతో పడ్డ తంటాలు చూస్తే తెలిసింది. భోజనం పెట్టారు. పప్పు, పచ్చిపులుసు, మామిడికాయ తొక్కు. వెండి కంచం ఒకటే మిగిలింది కాబోలు, అది మరిదికి పెట్టారు. నాకు స్టీలుది. స్టీలు కంచంలో పచ్చిపులుసు కొంచెం ఎక్కువ పట్టింది, అందుకని నాకు ఫిర్యాదు లేదు.

విషయం విన్నాక ఆమె చాలాసేపు మరిది కంచం వైపే చూశారు.

"మనింటికి మనమే గిరాకీ పోతమా, రంగా?"

"గిరాకీ పోతె తప్పేంది వదినా."

"మీ అన్న కూసున్న జాగల ఎవడో కూసోని బొక్కలు సీకుతాంటే సూస్తవా? సూసి, నువ్వు గూడ సీకుతవా?"

"ఆకలైతె సీకుత."

ఆమె నవ్వలేదు. లోపలికి పోయి మజ్జిగ తెచ్చారు. పోస్తూ, నాకు చెబుతున్నట్టుగా అన్నారు: "ఈయన చిన్నప్పటి సంది గింతే సారూ. అన్న ఏది జేసినా అవునన్లే, కాదన్లే. తిన్నడు, పోయిండు. ఇప్పుడేమొ కాళ్లల్ల జీవం లేనప్పుడు పోతనంటాండు."

రంగారావు గారు మజ్జిగ తాగి, కంచంలో చెయ్యి కడిగారు. బయటికి వచ్చాక కొంతదూరం నడిచి, "వదిన అన్నది నిజమే" అన్నారు. ఏది నిజమో నేను అడగలేదు. ఇంటి ఓనరును ఎన్ని ప్రశ్నలు అడగాలో నాకు ఒక లెక్క ఉంది.

దారిలో దిగని చోట దిగడం

మానుకోట పోయే రైల్లో మా ఎదురుగా ఒక పెద్దమ్మ మూటతో కూర్చుంది. ఎక్కడికి పోతున్నారని అడిగితే, నేను దాచడానికి ఏముందని ఘనపురం అన్నాను. ఆమె మా బాధ్యత తనమీద వేసుకుంది. ఘనపురం రాగానే, మేము వద్దు వద్దంటున్నా వినకుండా, "దిగుండ్రి, దిగుండ్రి, గాడి ఆగది!" అని మమ్మల్నీ మా సంచినీ ప్లాట్‌ఫారం మీదికి తోసేసింది. రైలు కదిలాక కిటికీలోంచి సంతోషంగా చెయ్యూపింది కూడా.

అది స్టేషన్ ఘనపురం. మాది ములుగు దిక్కు ఘనపురం. ఒక జిల్లాలో రెండు ఘనపురాలు పెట్టినవాడెవడో వాడు బతుకులో ఎప్పుడూ ప్రయాణం చేసి ఉండడు.

జెండా పట్టుకుని ఉన్న రైల్వే ఆయన మా కథ విని, "ములుగు ఘనపురం పోయెటోళ్లు మానుకోట రైలు ఎందుకెక్కిండ్రు?" అని అడిగాడు.

న్యాయమైన ప్రశ్న. రంగారావు గారు నన్ను చూశారు, నేను పట్టాలను చూశాను. తర్వాతి బండి వచ్చేదాకా సిమెంటు బల్ల మీద కూర్చుని, చిల్పూరు గుట్ట దిక్కు నుంచి వచ్చే వేడిగాలి పీల్చాము. ఆయన ఆ బల్ల మీద కూర్చునే, దస్తీతో తుడుచుకుంటూ, ఒక సాధన మొదలుపెట్టారు. "నా పేరు రాములు. మిల్లుల పనిజేసిన. గీ పంతులు మా అక్క కొడుకు." మూడు నాలుగుసార్లు అన్నారు. రాములు అన్నప్పుడల్లా గొంతు కొంచెం పైకి పోతోంది, ఎవరినో పిలుస్తున్నట్టు. తన పేరు చెప్పుకునేవాడి గొంతు అలా పైకి పోదు. ఆ మాట చెప్పాను. తర్వాత దించి అన్నారు.

మానుకోట

రైల్వేవాళ్లు మహబూబాబాద్ అని రాస్తారు, దిగేవాళ్లు మానుకోట అంటారు. ఊరంతా మిరపకాయల ఘాటు. స్టేషన్లో దిగిన ప్రతివాడూ తుమ్మి తన రాకను తెలియజేస్తాడు. సాయంత్రం బజారులో ఒక లంబాడ తల్లి మిరపకాయ బస్తా మీద కూర్చుని, వచ్చిన బేరగాడిని ఒక్క మాట అనకుండా అలాగే చూస్తూ ధర పెంచింది. ఆ విద్య నాకు వస్తే లెక్చరర్ల జీతాలు ఎప్పుడో పెరిగేవి.

ఎల్లయ్యకు స్టేషను వెనక చిన్న హోటలు ఉంది. మిర్చిబజ్జి, చాయ్, పొద్దున ఉప్మా. గడిలో చిన్నప్పటినుంచి జీతం ఉన్నవాడు, ఒక రాత్రి పారిపోయి, పట్టాలు తగిలిన చోటినుంచి వాటి వెంబడి నడిచి ఇక్కడ తేలాడు. రంగారావు గారిని చూడగానే గుర్తుపట్టాడు. కాని గల్లాపెట్టె ముందు స్టూలు మీంచి లేవలేదు.

"ఏమనుకోకుండ్రి దొరా. గల్ల కాడికెల్లి యాపారి లేస్తె లచ్చిందేవి గూడ లేచిపోతదంటరు."

"లేవకు ఎల్లయ్యా, లేవకు!" అన్నారు రంగారావు గారు. అంత సంతోషం ఆయన మొహంలో నేను అద్దె ఇచ్చే రోజు కూడా చూడలేదు. నా వైపు వంగి మెల్లగా, "కూసున్నడు, సూసినవా?" అన్నారు. బజ్జీలు రెండోసారి చెప్పారు. డాక్టరు బజ్జీల గురించి కూడా ఏమీ అనలేదట.

గడి సంగతి ఎత్తగానే ఎల్లయ్య మొహం మారింది.

"ఆ కాంపౌండు నడిపేది సామిగౌడు. కానీ మాట నడిచేది ఆయన పెండ్లం బాలవ్వది. ఆడ ఒక రూలున్నది దొరా. లోపటికి పోయెటోడు చెప్పులు ఇడువద్దు. చెప్పులతోటె కూసునాలె, చెప్పులతోటె తినాలె. మరిచిపోయి ఇడిచిండనుకో, వానికి దండుగ."

"ఎంత?" అన్నాను.

"పైసలు గాదు సార్. కల్లు లొట్టి ఎత్తుకోని, ఆడున్నోళ్లందరికి వాడే పొయ్యాలె. సుట్టు తిరిగి. కొత్తగ పోయినోడు ఇడువక మానడు గద, అన్నం తినే కాడ చెప్పులేంది అని. ఇడుస్తడు, ఇగ వానితోటి ఆడుకుంటరు."

నాకు భలే నవ్వొచ్చింది. ఎక్కడైనా భోజనానికి ముందు చెప్పులు విడుస్తారు. ప్రపంచంలో తోలు చెప్పులతో పంక్తిలో కూర్చోకపోతే జుర్మానా వేసే చోటు అదొక్కటే ఉంటుంది.

"ఆ రూలు పెట్టింది ఎవలు?" రంగారావు గారు అడిగారు.

ఎల్లయ్య గల్లాపెట్టెలో ఏదో సర్దాడు. "మాదిగ ముత్తయ్య."

ఆ తర్వాత కథ నాకోసం చెప్పాడు గాని, కళ్లు మాత్రం బజ్జీల పళ్లెం మీదే పెట్టుకున్నాడు. వెనకట గడి గోడ మొదలైన కాడ చెప్పులు విడిచి, చేతిలో పట్టుకుని, గోడ అయిపోయిందాకా ఉత్తకాళ్లతో నడవాలి. ముత్తయ్య ఒకనాడు జ్వరమొచ్చిన బిడ్డను భుజాన వేసుకుని దవాఖానకు ఉరుకుతున్నాడు. రెండు చేతులా బిడ్డ ఉంది. చెప్పులు విడవడం మరిచిపోయాడు. పెద్ద దొర లోపలికి పిలిపించి, ఆ చెప్పులే నెత్తిన పెట్టి, గచ్చు నడుమ పొద్దుగూకేదాకా ఎండలో నిలబెట్టాడు. బిడ్డను ఇంకెవరో తీసుకుపోయారు. బతికింది. ఇప్పుడు ఆమెకు పిల్లలు.

"ఆనాడు మీరు గూడ అరుగు మీదనే ఉంటిరి దొరా," అన్నాడు ఎల్లయ్య.

"ఉన్న. దసరాకు పోయిన." రంగారావు గారు బజ్జీని పళ్లెంలో పెట్టేశారు. "పెరుగన్నం తినుకుంట కూసున్న."

బయట గూడ్సు బండి ఒకటి పోయింది. అది ఎంత పొడుగుండాలో అంతకంటే ఎక్కువ ఉంది.

"నా మాట ఇనుండ్రి," అన్నాడు ఎల్లయ్య చివరికి. "పోకుండ్రి. ఆడ మంచిగ నడుస్తాంది. మిమ్ముల సూస్తె లేస్తరు. ఒక్కపారి లేస్తె, మల్ల కూసునుడు కష్టం."

"నన్ను గుర్తువట్టరు. ఇరువై ఏండ్లాయె."

"చెప్పులు మాత్రం ఇడువకుండ్రి మరి."

"ఎందుకిడుస్త? తెలిసినంక గూడ ఇడుస్తనా?" అని రంగారావు గారు నవ్వారు. చాయ్ పైసలు ఎల్లయ్య తీసుకున్నాడు. అది కూడా ఆయనకు నచ్చింది.

భూపాలపల్లి

వరంగల్ మీదుగా, పరకాల మీదుగా, రెండు బస్సులు మారి భూపాలపల్లి చేరేసరికి నా పంట్లాం రంగు మారడం మొదలైంది. ఇక్కడ నేల కింద బొగ్గు ఉందని తేలింది. నేల పైన ఉన్నవాళ్లకు దానివల్ల ఏమవుతుందో ఇంకా తేలలేదు. అడవిలో అక్కడక్కడ ఇనుప గొట్టాలు నిలబెట్టారు, రోడ్డు పక్కన రేకుల షెడ్లు లేచాయి. చాయ్ ధర పెరిగింది. హోటలు ఆయన్ని అడిగితే, "గనులొస్తానయ్ గద సార్" అన్నాడు. గనులు వచ్చేలోపలే వచ్చే ఫలితం ఇదొక్కటే.

ఒక పూరింటి లాడ్జిలో పడుకున్నాము. పొద్దున లేచేసరికి రంగారావు గారు తయారై కూర్చున్నారు. మాసిన చొక్కా, పాత లుంగీ, టైరు చెప్పులు. ఆ చెప్పులు పరకాల బస్టాండులో కొన్నారు. మంచం మీద కూర్చుని కాళ్లు చాచి వాటినే చూస్తున్నారు.

"ఇడువద్దు," అన్నారు, తన కాళ్లకు.

గడి

ఘనపురం దాటాక బస్సు దిగి, మోదుగు చెట్ల నడుమ మట్టిబాట మీద నడిచాము. ఊరి పేరు రాయను. కాంపౌండుకు గిరాకీ ఇప్పటికే సరిపోయినంత ఉంది. ఎండాకాలం మొదలు, మోదుగులు ఆకు లేకుండా పూసి ఉన్నాయి. పూలు అందంగానే ఉన్నాయి. చూసేవాళ్లు ఎవరూ లేకపోవడంతో కొంచెం వృథాగా కనిపించాయి.

ముందు గోడ వచ్చింది. ఏనుగు ఎత్తు. పైన గడ్డి మొలిచింది, ఒకచోట కూలి, ఆ సందులోంచి గొర్రెలు రాజమార్గంలా పోయి వస్తున్నాయి. గోడ ఒక్కటే నాలుగు ఫర్లాంగులున్నట్టు అనిపించింది. లోపలినుంచి నవ్వులు వినిపిస్తున్నాయి. రంగారావు గారు ఒక చోట ఆగి విన్నారు. పిల్లవాడు సర్కసు డేరా బయట నిలబడ్డట్టు నిలబడ్డారు. "పోదాం పా," అన్నారు.

పెద్ద దర్వాజ ఎప్పుడో ఊడితే ఆ చోటు రాళ్లతో మూసేశారు, పక్కన చిన్న దిడ్డి దారి మాత్రం మిగిలింది. నేను తల వంచి ముందు దూరాను. లోపల పెద్ద గచ్చు, మూడు పక్కలా ఎత్తరుగులు, టేకు స్తంభాలు. ఊగుడుబల్ల కొక్కేలకు ఇప్పుడు కల్లు ముంతలు వేలాడుతున్నాయి. విచిత్రం ఏమిటంటే, అరుగుల మీద ఎవరూ లేరు. అంత నీడ, అంత చల్లదనం వదిలిపెట్టి, జనమంతా కిందే, గచ్చు మీద తాటాకు పందిరి వేసుకుని కూర్చున్నారు. చెప్పులు కూడా విడవకుండా కూర్చోవడం నేర్చుకున్నారు గాని, అరుగు ఎక్కడం ఇంకా నేర్చుకోలేదు. చరిత్ర చెప్పేవాడిని, అలాంటివి నా కంట పడతాయి. పడ్డా చేసేదేమీ ఉండదు.

"రాండ్రి అన్నా, రాండ్రి. చెప్పులు ఇడువకుండ్రి, గీడ రూలున్నది," అంది పొయ్యి దగ్గర ఉన్న ఆమె. బాలవ్వ అని చెప్పనక్కరలేదు. గరిటె పట్టుకున్న తీరే చెబుతోంది. వంటింటి వైపు నుంచి బోటి కూర వాసన. కారం, ఎల్లిపాయ, ధనియాలు, ఇంకా నాకు పేర్లు తెలియని మంచి సంగతులు. మా పక్క ఇళ్లలో బోటి వండితే తలుపులు వేసుకుంటారు. ఇక్కడ తలుపులే లేవు.

నేను ఒక పక్కన, చెప్పులతో, చాలా తప్పు చేస్తున్నట్టు కూర్చున్నాను. పక్కాయన జరిగి చోటు ఇచ్చాడు. ఎదురుగా ఒక పండు ముసలాయన, మోదుగాకు డొప్పలో కల్లు తాగుతూ ఎవరి గురించో చెబుతున్నాడు, చుట్టూ ఉన్నవాళ్లు పడి పడి నవ్వుతున్నారు. వెనకట కల్లు మండువల్లో ఒక్కో కులానికి తాగడానికి ఒక్కో మట్టి గురిగి ఉండేది. ఇక్కడ అందరికీ ఆకే. ఆకుకు కులం ఉండదు, తాగి పారేస్తారు కాబట్టి.

"ముత్తయ్య తాతా, గా లారీ డ్రైవరుది జెప్పు!" అని ఎవరో అడిగారు.

అంతలో నా వెనక రంగారావు గారు దిడ్డి దాటి లోపలికి వచ్చారు.

నేను తిరిగి చూశాను. ఆయన నా వైపు రాలేదు. జనం వైపు కూడా రాలేదు. దిడ్డి దాటగానే ఎడమ పక్కకు తిరిగారు, రెండో స్తంభం వెనక్కి పోయారు. అక్కడ గోడలో ఒక గూడు ఉంది. బయటినుంచి చూసేవాడికి కనిపించదు. ఒంటికాలి మీద నిలబడి, స్తంభానికి చెయ్యి ఆనించి, ఒక చెప్పు విడిచారు, రెండోది విడిచారు, రెండూ గూట్లో పెట్టారు. అక్కడినుంచి నాలుగడుగులు వేసి, రాతి గోలెం మీదికి వంగి, కాళ్లు కడుక్కోవడానికి చెయ్యి ముంచారు.

గోలెం ఎండిపోయి ఎన్నేళ్లయిందో. ఆయన చెయ్యి ఎండుటాకుల్లో గలగలమంది.

అప్పుడు ఆగారు. తన కాళ్లు చూసుకున్నారు.

ఎవరైనా మరిచిపోయి చెప్పులు విడుస్తారు. దిడ్డి దగ్గర విడుస్తారు, పందిరి దగ్గర విడుస్తారు. ఆ గూట్లో పెట్టేది ఆ ఇంట్లో పుట్టినవాడే.

ముత్తయ్య నవ్వు ఆగిపోయింది. డొప్ప కింద పెట్టాడు. "సిన్న దొర," అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

లేచారు. అందరూ. ఒకరిని చూసి ఒకరు లేచింది కాదు, కింద నేలే లేచినట్టు లేచారు. డొప్పలు ఒరిగి కల్లు గచ్చు మీద పారింది. భుజాల మీది తువ్వాళ్లు చేతుల్లోకి వచ్చాయి. నా పక్కన ఒక పడుచువాడు, లారీ మీద పనిచేసేవాడు, కూర్చునే ఉండి, "ఎవల్రా గీన?" అన్నాడు. వాళ్ల నాయిన రెక్క పట్టి లేపాడు. నేను కూడా లేచానని కొంచెంసేపటికి గాని నాకు తెలియలేదు.

రంగారావు గారు రాములు కావడానికి ప్రయత్నించలేదు. చేతులు రెండూ ముందుకు చాపి, బతిమాలుతున్నట్టు అన్నారు:

"కూసోండ్రి. అందరు కూసోండ్రి."

కూర్చున్నారు. ఒక్కసారిగా. నా క్లాసులో ఏనాడూ అంత క్రమశిక్షణ చూడలేదు. ఆయన ఇన్నేళ్లుగా చూడాలనుకున్నది అదే. ఆ ఇంట్లో, ఆయన ఎదురుగా, ఊరంతా కూర్చుని ఉంది. దొర కూర్చోమన్నాడు కాబట్టి కూర్చుని ఉంది.

పొయ్యి మీద కూర ఉడికే చప్పుడు ఒక్కటే మిగిలింది. సామిగౌడు భార్య వైపు చూశాడు. బాలవ్వ ముత్తయ్య వైపు చూసింది. ముత్తయ్య చాలాసేపు గచ్చు నడుమ ఒక చోటును చూశాడు. అక్కడ ఏమీ లేదు.

"రూలున్నది గద," అన్నాడు.

రంగారావు గారు పోయి లొట్టి ఎత్తుకున్నారు. గుండె జబ్బు మనిషి ఎత్తే బరువు కాదది. నేను సాయం పోబోతే కళ్లతోనే ఆపారు. మొదట ముత్తయ్య దగ్గరికే పోయారు. ముత్తయ్య డొప్ప పట్టాడు. కుడిచేత డొప్ప, ఆ మోచేతి కింద ఎడమచెయ్యి, తల వంచి. దొర దగ్గర తీసుకునే తీరు.

"గట్ల పట్టకు ముత్తయ్యా."

ముత్తయ్య ఎడమచెయ్యి వెంటనే కిందికి జారింది. అది కూడా ఆజ్ఞే అయింది. రంగారావు గారికి అర్థమైంది. ఇక ఆ తర్వాత ఒక్క మాట అనలేదు. పోస్తూ పోయారు. లొట్టి బరువుకు ఒరిగి, సగం కల్లు మణికట్ల మీద, లుంగీల మీద పడింది. ఎవరూ తుడుచుకోలేదు. అందరూ కళ్లు మూసుకుని, మందు తాగినట్టు తాగారు.

తర్వాత ఆయన వచ్చి అందరి నడుమ గచ్చు మీద కూర్చున్నారు. నడుమ అని నేను రాస్తున్నాను గాని, ఆయన కూర్చోగానే చుట్టూ ఉన్నవాళ్లు తెలియకుండానే జరిగి, ఒక మంచం పట్టేంత జాగా ఖాళీ అయింది. ఆ ఖాళీ నడుమ ఆయన, కొంచెం పక్కన నేను. బాలవ్వ ఆకులో అన్నం, బోటి కూర తెచ్చి పెట్టి, వీపు చూపకుండా వెనక్కి నడిచి పోయింది. గరిటె చేతిలో ఉన్నప్పటి ఆ మనిషి కాదు.

కూర గురించి అబద్ధం చెప్పను. అంత మంచి బోటి నేను ఎక్కడా తినలేదు. మెత్తగా, కారంగా, చివర్లో కొంచెం చింతచిగురు పులుపు. మరి కొంచెం అడగాలనిపించింది. అడిగితే వినిపిస్తుందని అడగలేదు.

రంగారావు గారు మొత్తం తిన్నారు. మధ్యలో తల ఎత్తి, ఎల్లయ్య గల్లాపెట్టె ముచ్చట ఒకటి నవ్వొచ్చేలా చెప్పారు. అందరూ నవ్వారు. ఎంత నవ్వాలో అంత నవ్వి, ఒకేసారి ఆపారు. ఆ నవ్వు విన్నాక ఆయన ఇంకో ముచ్చట చెప్పలేదు.

మేము లేచి చేతులు కడుక్కున్నాక, ముత్తయ్య దిడ్డి దాకా వచ్చాడు.

"దొరా, మల్ల ఎప్పుడొస్తరు?"

"రాను ముత్తయ్యా."

ముత్తయ్య మొహంలో ఏదో సడలింది. "మంచిది బాంచెన్," అన్నాడు. అది అమర్యాదగా అనలేదు. నా జీవితంలో విన్న అతి మర్యాదైన మాట అదే కావచ్చు.

గోడ పొడుగునా

బయట ఎండ నిట్టనిలువుగా ఉంది. గోడ పక్కన కొంతదూరం నడిచాము. రంగారావు గారు కొంచెం ముందు, నేను వెనక. లోపల ఇంకా చప్పుడు లేదు. నేను సంభాషణ కోసం బోటిని మెచ్చుకున్నాను. ఆయన తలూపారు.

గోడ కూలిన సందు దగ్గరికి వచ్చేసరికి లోపల ఎవరో ఏదో అన్నారు. ముత్తయ్య గొంతులాగే ఉంది. మాట తెలియలేదు. ఆ తర్వాత నవ్వు లేచింది. మా ముందు నవ్విన నవ్వు కాదు. ఒకడు మొదలుపెడితే ఇంకొకడు అందుకుని, దగ్గు వచ్చి, నేల చరిచి నవ్వే నవ్వు. నడుమ బాలవ్వ గొంతు ఎవరినో తిడుతూ, తనూ నవ్వుతూ. గోడ మీది పిట్టలు లేచి మళ్లీ కూర్చున్నాయి.

రంగారావు గారు ఆగారు. గోడకు చెయ్యి ఆనించి విన్నారు.

"ఇన్నవా పంతులూ?" అన్నారు.

"విన్నాను."

అప్పుడు చూశాను, ఆయన కాళ్లకు చెప్పులు లేవు. అవి ఇంకా ఆ గూట్లోనే ఉన్నాయి. లోపల వాళ్లు నవ్వేది కూడా బహుశా వాటిని చూసే. బాట మీది మట్టి పెనంలా కాలుతోంది.

"ఉండండి, తెస్తాను."

"వద్దు. నువ్వు పోతె ఆగుతది."

గోడ ఇంకా సగం మిగిలి ఉంది. బస్సుకు వేళ అవుతోంది. కాళ్లు కాలుతుంటే ఎవరైనా ఉరుకుతారు. ఆయన ఉరకలేదు. చివరిదాకా వింటూ, ఉత్తకాళ్లతో, మెల్లగానే నడిచారు.